మెట్లు లేని గది వెతకండి: చిన్న ఊళ్ళో ఫిజియో క్లినిక్ పెట్టేవాళ్ళకి

బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) అయిపోయింది, విజయవాడలోనో హైదరాబాదులోనో ఏదో ఆసుపత్రిలో రెండేళ్ళు చేశారు, జీతం కదలట్లేదు, ఇంటి దగ్గర అమ్మానాన్నలకి వయసు మీద పడుతోంది, సొంత ఊళ్ళో క్లినిక్ పెట్టుకుంటే పోలా అని ఒక ఆలోచన. ఇలాంటి జూనియర్లు నెలకి ఇద్దరైనా నాకు ఫోన్ చేస్తుంటారు. అందరూ ముందు అడిగేది ఒక్కటే, "అన్నా, ఏ మెషీన్లు కొనాలి?" చెప్తాను, కానీ దానికంటే ముందు తేల్చుకోవాల్సినవి చాలా ఉన్నాయి. అవన్నీ ఫోన్లో చెప్పీ చెప్పీ గొంతు పోయింది కాబట్టి ఒకసారి కూర్చుని రాసేస్తున్నా.

మాది పిడుగురాళ్ళ. చుట్టూ సున్నపు బట్టీలు, పక్కనే అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు, దాని మీద రాత్రీ పగలూ లారీలు. దాచేపల్లి, గురజాల, మాచవరం, కారంపూడి వైపు పల్లెల్లో మిర్చి, పత్తి. నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఎవరో ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. రాయి మోసి నడుం పోయినవాళ్ళు, బండి మీంచి పడి కాల్లో రాడ్డు వేయించుకున్న కుర్రాళ్ళు, వంగి వంగి కలుపు తీసి మోకాళ్ళు అరగ్గొట్టుకున్న ఆడవాళ్ళు, బీపీ మాత్రలు "తగ్గిపోయిందిగా" అని మధ్యలో మానేసి పక్షవాతం తెచ్చుకున్న యాభై ఏళ్ళ మగవాళ్ళు. మీ ఊళ్ళో వేరే ఉంటుంది. కోనసీమైతే కొబ్బరికాయల దింపు తీసేవాళ్ళు, తెలంగాణ పల్లెలైతే తాటిచెట్టు మీంచి పడ్డ గీత కార్మికులు, సిరిసిల్లయితే మరమగ్గాల దగ్గర రోజంతా నిలబడేవాళ్ళు. అద్దెకి గది చూసే ముందు నాలుగు రోజులు బస్టాండు బెంచీ మీద కూర్చుని మీ ఊరి జనం ఎలా నడుస్తున్నారో చూడండి, ఏ వయసువాళ్ళు కుంటుతున్నారు, ఎవరు నడుం పట్టుకుని బస్సెక్కుతున్నారు. నేను చూడలేదు, అందుకే మొదటి ఏడాదిలో సగం తప్పులు.

ఇంకో మాట. పేషెంట్ మన టేబుల్ మీద ఉండేది రోజుకి ముప్పావు గంట, అదీ వస్తే. మిగతా రోజంతా వాళ్ళ మంచం మీద, వాళ్ళ పొలంలో, వాళ్ళ బాత్రూములో. ఆ మిగతా రోజుని మార్చలేకపోతే మన ముప్పావు గంట గాల్లో కలిసినట్టే, కింద రాసేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

గది

నా మొదటి క్లినిక్ ఒక మెడికల్ షాపు పైన, మొదటి అంతస్తులో. అద్దె తక్కువ, సెంటర్లో ఉంది, బోర్డు బాగా కనిపిస్తుంది. రెండో వారంలో ఒక పెద్దాయన్ని, కుడివైపు పడిపోయింది, ఇద్దరు కొడుకులు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోసుకొస్తున్నారు. సగం మెట్లెక్కాక కుర్చీ ఒక పక్కకి ఒరిగింది. పడలేదు, గోడ ఆపింది. కానీ ఆయన పనిచేసే ఎడమ చేత్తో రెయిలింగ్ పట్టేసుకున్నాడు, ఇక పైకి తీసుకెళ్ళనివ్వడు, కిందికి దించనివ్వడు, మాట రాదు, కళ్ళనిండా భయం. పది నిమిషాలు ఆ మెట్ల మీదే ఉన్నాం అందరం. చివరికి నేనే దిగొచ్చి ఆయన పక్కన మెట్టు మీద కూర్చుని ఆ రోజు చేయించాల్సినవి అక్కడే చేయించాను. నెల తిరక్కుండా ఆ గది ఖాళీ చేశాను, అడ్వాన్సులో సగం పోయింది.

కాబట్టి కింద గది, వీధి లోపలికైనా పర్వాలేదు, ఆటో గుమ్మం దాకా రావాలి, అంతే. అరుగు ఉంటే ర్యాంపు కట్టించండి. లెక్క సులువు, ఒక అంగుళం ఎత్తుకి ఒక అడుగు పొడవు, అంటే తొమ్మిది అంగుళాల అరుగుకి తొమ్మిది అడుగుల ర్యాంపు. మేస్త్రీ ఒప్పుకోడు, "ఇంత పొడుగెందుకు సార్, బండెక్కితే చాలదా" అని మూడడుగుల్లో ముగించేస్తానంటాడు. ఆయన్నే వీల్‌చైర్లో కూర్చోబెట్టి వేరేచోట నిటారు ర్యాంపు మీద ఒకసారి తోయించండి, మళ్ళీ మాట్లాడడు. తలుపు మూడడుగుల వెడల్పు. బాత్రూములో కమోడు, పక్క గోడకి గట్టిగా బిగించిన పైపు, తలుపు బయటికి తెరుచుకోవాలి, ఎందుకంటే లోపల మనిషి పడితే లోపలికి తెరుచుకునే తలుపుని ఆ మనిషే అడ్డుకుంటాడు. తళతళలాడే టైల్స్ వద్దు. కరెంటు పనివాడితో ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో మీ ముందు చూపించమనండి, ఇది మొహమాటపడే విషయం కాదు.

పరదా గురించి ఎవరూ చెప్పరు. వచ్చేవాళ్ళలో సగం పైన ఆడవాళ్ళు. భుజం చూపించాలన్నా, నడుం చూపించాలన్నా వాళ్ళకి ఎంత ఇబ్బందో మనకి తెలియదు, "బానే ఉంది డాక్టర్ గారూ, మాత్రలు రాయండి చాలు" అని లేచిపోతారు. మందపాటి పరదా, లోపల ఒక ఆడమనిషి ఉండాలి. లేడీ ఫిజియో దొరికితే అదృష్టం, లేకపోతే కనీసం శిక్షణ ఇచ్చిన అసిస్టెంట్. మా దగ్గర పనిచేసే అమ్మాయి వచ్చాక ఆడ పేషెంట్లు మొదటిసారి పూర్తిగా సమస్య చెప్పడం మొదలుపెట్టారు, కాన్పు తర్వాత దగ్గితే మూత్రం పడుతోందనే మాట నాకు ఒక్కరు కూడా ఎప్పుడూ చెప్పలేదు, ఆ అమ్మాయికి మొదటి నెలలోనే చాలామంది చెప్పారు.

మెషీన్లు, సరే

ఐఎఫ్‌టీ, టెన్స్ (నొప్పికి కరెంటు పెట్టేవి) కలిసి ఉన్నది ఒకటి, అల్ట్రాసౌండ్ (స్కానింగ్‌ది కాదు, నొప్పికి వాడేది) ఒకటి, కండరాలని కదిలించే మజిల్ స్టిమ్యులేటర్ ఒకటి, హాట్ ప్యాకులు, వ్యాక్స్ బాత్ (కరిగించిన మైనం తొట్టి). వీటితో మొదలుపెట్టొచ్చు. డయాథెర్మీ (ఒంట్లో లోతుగా వేడి పుట్టించేది), ట్రాక్షన్ (మెడ, నడుం లాగి పట్టేది) తర్వాత చూద్దాం. అప్పు చేసి లేజర్లు కొనకండి.

మిగతావి మీ ఊళ్ళోనే చేయించుకోండి. పారలల్ బార్లు (రెండు పక్కలా పట్టుకుని నడక నేర్చుకునే కడ్డీలు) వెల్డింగ్ షాపులో, ఎత్తు పెంచి తగ్గించుకునేలా చిల్లులు పెట్టించి. ఫింగర్ ల్యాడర్ (భుజం లేవడానికి వేళ్ళతో పైకి పాకించే గోడ నిచ్చెన) వడ్రంగి చేస్తాడు, బొమ్మ గీసి ఇస్తే చాలు. శాండ్‌బ్యాగులు టైలర్ దగ్గర కుట్టించి, ఇసుక కడిగి ఆరబెట్టి, కిరాణా కొట్టు కాటా మీద తూచి అర కిలో, కిలో, రెండు కిలోలు చేసుకున్నా నేను, పదేళ్ళయినా అవే వాడుతున్నా. భుజం పట్టేసినవాళ్ళకి పుల్లీ అంటే ఒక గిలక, ఒక నులక తాడు, రెండు కర్ర పిడులు. దీంట్లో ఇంకో లాభం ఉంది. క్లినిక్‌లో గిలక చూసిన రైతు ఇంటికెళ్ళి పశువుల కొట్టంలో దూలానికి ఒకటి కట్టుకుంటాడు, మీరు చెప్పక్కర్లేదు. కంపెనీ పుల్లీ చూస్తే కట్టుకోడు, అది ఆసుపత్రి సామాను అనుకుంటాడు.

జాగ్రత్తలు కాలేజీలో చదివినవే, కానీ ఇక్కడ పేషెంట్ తనంతట తాను ఏదీ చెప్పడు. డయాథెర్మీ పెట్టే ముందు "లోపల రాడ్డు ఉందా" అని అడిగితే లేదంటాడు, పంచె కాస్త పైకి లాగితే తొడ మీద జానెడు కుట్ల మచ్చ. కాబట్టి చూడండి, అడగడంతో సరిపెట్టొద్దు. గుండెకి పేస్‌మేకర్ ఉంటే దాన్ని "బ్యాటరీ" అంటారు, ఆ మాటతోనే అడగండి. షుగర్ ఉన్నవాళ్ళ విషయంలో నాకు తగిలిన దెబ్బ చెప్తా. ఒక పెద్దావిడకి పాదానికి హాట్ ప్యాక్ పెట్టి "వేడి ఎక్కువైతే చెప్పు పెద్దమ్మా" అని పక్క టేబుల్‌కి వెళ్ళా. ఆవిడ చెప్పలేదు, ఎందుకంటే ఆవిడకి తెలియలేదు. సాయంత్రానికి బొబ్బ లేచింది. మానడానికి నెలన్నర పట్టింది, డ్రెస్సింగు ఖర్చులన్నీ నేనే పెట్టుకున్నా, రోజూ ఇంటికెళ్ళి చూసొచ్చా. అప్పట్నుంచి రెండు స్టీలు గ్లాసులు పెట్టుకున్నా, ఒకదాంట్లో గోరువెచ్చని నీళ్ళు, ఒకదాంట్లో చల్లటివి. కళ్ళు మూసుకోమని గ్లాసు ఆనించి ఏదో చెప్పమంటా. చెప్పలేకపోతే వేడి పెట్టేది లేదు.

కాగితాలు, బోర్డు: డిగ్రీ, కౌన్సిల్ రిజిస్ట్రేషన్, అద్దె అగ్రిమెంటు పట్టుకుని డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) ఆఫీసుకి వెళ్ళి ప్రైవేటు వైద్య సంస్థగా రిజిస్టర్ చేయించుకోండి, మొదలుపెట్టాక చూద్దాంలే అనుకోవద్దు. 2021లో వచ్చిన కేంద్ర చట్టంతో మన వృత్తికి ఒక జాతీయ కమిషన్ అంటూ వచ్చింది, అది నిజంగా మంచి విషయం. పేరు ముందు డాక్టర్ అని రాసుకోవాలా వద్దా అని తల బద్దలు కొట్టుకునేవాళ్ళకి చెప్పేదొకటే. 2025 సెప్టెంబరులో కేంద్ర ఆరోగ్య డైరెక్టరేట్ రాసుకోవద్దని ఉత్తరం పంపి వెంటనే వెనక్కి తీసుకుంది, ఆ గొడవ వాళ్ళు తేల్చుకోనివ్వండి. బోర్డు మీద ఫిజియోథెరపిస్ట్ అన్న మాట పేరు కంటే పెద్ద అక్షరాల్లో ఉండాలి, అప్పుడు జ్వరం వచ్చినవాళ్ళు రారు.

మాట్లాడించడం

"మీ నొప్పి పదికి ఎంత?" అని అడిగితే మా వైపు వచ్చే జవాబు "చాలా ఉందండీ". రూపాయిల్లో అడగండి. "రూపాయి నొప్పితో వచ్చావు కదా పెద్దమ్మా, ఇప్పుడెంత ఉంది?" అంటే టక్కున చెప్తారు, "పావలా తగ్గింది", "అర్ధరూపాయి మిగిలింది", ఒకావిడైతే "ముప్పావలా పోయింది గానీ ఆ పావలా మాత్రం మొండిది బాబూ" అంది. నేను కేసు షీట్లో అదే రాసుకుంటా, నూటికి ఇరవై ఐదు అని మార్చుకోవడం ఎంతసేపు.

వాళ్ళ మాటలు నేర్చుకోండి. "నరం పట్టేసింది" అంటే కండరం కావచ్చు, నిజంగానే నరం కావచ్చు, "ఎక్కణ్ణుంచి ఎక్కడికి లాగుతోంది, వేలు పెట్టి చూపించు" అనాలి. "గుజ్జు అరిగింది" అని ఎవరో అప్పటికే చెప్పేసి ఉంటారు, ఇక ఎందుకు ఎక్సర్‌సైజులు అన్న నిరాశ అందులో ఉంటుంది, అది ముందు దించాలి. ఇవి కాక ఇంటి గురించి అడగండి. పడుకునేది నవారు మంచమా, చెక్క మంచమా, కిందా? బాత్రూము ఇంట్లోనా, దొడ్లోనా, అక్కడికి ఎన్ని మెట్లు? కమోడా, మామూలుదా? చూసుకునేది ఎవరు, భార్యా, కోడలా, వాళ్ళు కూలికి పోతే పగలు ఎవరుంటారు? ఈ జవాబులు ఎమ్మారై రిపోర్టు కంటే ఎక్కువ పనికొస్తాయి చాలాసార్లు.

ఎవర్ని వెంటనే పంపించెయ్యాలి

చిన్న ఊళ్ళో చాలామందికి మనమే మొదటి మెట్టు. పొద్దున మూతి వంకర పోయిందని నేరుగా మన దగ్గరికే వస్తారు, "కరెంటు పెట్టండి" అని. కనుబొమ్మలు పైకెత్తమనండి. మొహంలో ఆ పక్క నుదురు కూడా కదలకపోతే, కన్ను మూసుకోకపోతే, మొహం నరం వాపు కావచ్చు. నుదురు రెండు పక్కలా బాగా ముడతలు పడుతూ కింద మూతి మాత్రమే జారితే మెదడు వైపు అనుమానం. చేతులు రెండూ ముందుకి చాపించి ఒకటి కిందికి జారుతోందా చూడండి, మాట తడబడుతోందా వినండి. ఏ కొంచెం అనుమానమున్నా 108కి ఫోన్, స్కానింగ్ ఉన్న ఆసుపత్రి. రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ పనిచేసేది మొదలైన నాలుగున్నర గంటల్లోపే, మా ఊరి నుంచి గుంటూరు చేరేసరికే అందులో చాలా పోతుంది. అందుకే మీ టేబుల్ మీద పడుకోబెట్టి అరగంట వృథా చెయ్యొద్దు. మొహం నరం వాపే అనిపించినా మూడు రోజుల్లోపు డాక్టర్ దగ్గర మందు మొదలవ్వాలి, కరెంటు కోసం ఆగేది కాదు.

నడుం నొప్పితో పాటు మూత్రం, దొడ్డికి పట్టు తప్పడం, కూర్చునే చోట స్పర్శ పోవడం ఉంటే అదే రోజు సర్జన్ దగ్గరికి. మంచానపడి ఉన్న మనిషికి ఒక్క పిక్క మాత్రం వాచి వేడిగా ఉంటే మర్దనా చెయ్యకూడదు, చెయ్యనివ్వకూడదు. జ్వరంతో కీలు వాస్తే మన పని కాదు. పొడుగ్గా రాయట్లేదు, మీకు తెలిసినవే. తెలిసినా, ఫీజు వస్తుందిగా అని ఆపుకోవడం మాత్రం ఉంటుంది, అక్కడే చెప్తున్నా.

"కరెంటు పెట్టలేదేంటి?"

ఈ మాట మీరు రోజుకి నాలుగుసార్లు వింటారు. జనం దృష్టిలో మన వైద్యం పేరు కరెంటు. ఎక్సర్‌సైజు అంటే "అవి మేం పొలంలో చేస్తూనే ఉంటాంగా". వాదించొద్దు, నేను రెండేళ్ళు వాదించి అలసిపోయా. ఇప్పుడు క్రమం మార్చేశా. వచ్చిన వెంటనే ఎక్సర్‌సైజులు, అవి పూర్తయ్యాకే, అదీ అవసరమైనవాళ్ళకే, పది నిమిషాలు కరెంటు. కరెంటు ముందు పెడితే నొప్పి కాస్త తగ్గగానే "బస్సుకి టైమైంది" అని లేచి వెళ్ళిపోతారు. బస్సంటే గుర్తొచ్చింది, 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకంలో ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఉచితమయ్యాక పల్లెల నుంచి వచ్చే ఆడ పేషెంట్లు సిట్టింగులు మానడం మా దగ్గర బాగా తగ్గింది. అంతకు ముందు వాళ్ళు మానేది నమ్మకం లేక అనుకునేవాణ్ణి, కారణం చాలామందికి రానూపోనూ టికెట్టు డబ్బులే.

ఇంట్లో జరగాల్సింది

పక్షవాతం పేషెంట్‌ని తీసుకోండి. మొదటి రోజు నేను పేషెంట్ కంటే చూసుకునే మనిషికి ఎక్కువ నేర్పిస్తా. పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగి లేపొద్దు, భుజం కీలు జారుతుంది, ఆ నొప్పి తర్వాత నెలల తరబడి వదలదు. ఇది ఒక్కటి అర్థమైతే సగం పని అయినట్టే, ఎందుకంటే ప్రతి ఇంట్లోనూ అలాగే లేపుతారు. వీపు వెనక చెయ్యి వేసి, తుంటి దగ్గర ఆసరా ఇచ్చి లేపడం నా మీదే ప్రాక్టీసు చేయిస్తా, కొత్త కోడళ్ళు సిగ్గుపడితే మా అసిస్టెంట్ అమ్మాయిని పేషెంట్‌గా పడుకోబెడతా. రెండు గంటలకోసారి పక్క మార్చాలి. నవారు సాగిపోయిన మంచమైతే మనిషి గుంటలో పడ్డట్టుంటాడు, లేవలేడు, నవారు బిగించి, మంచం కోళ్ళ కింద రెండేసి ఇటుకలు పెట్టమంటా. ఎత్తు పెరిగితే లేవడం సగం తేలిక. లేచేటప్పుడు పాదాలు మోకాళ్ళకంటే కాస్త వెనక్కి, నడుం దగ్గర ముందుకి వంగి, ముక్కు కాలివేళ్ళ మీదికి వచ్చాక లేవాలి. రోజుకి ఎన్నిసార్లు అంటే, ఇంట్లో ఎవరు పక్క నుంచి పోయినా ఒకసారి.

ఇక ఆ స్పాంజి బంతి. పక్షవాతం అనగానే ఎవరో ఒకరు నవ్వు మొహం బంతి కొనిచ్చి పిసకమంటారు. వేళ్ళు అప్పటికే బిగుసుకుని గుప్పెట ముడుచుకుపోతున్న మనిషి చేత ఇంకా పిసికిస్తే ఆ బిగువు పెరిగే ప్రమాదముంది. వాళ్ళకి కావాల్సింది చెయ్యి తెరవడం, అరచెయ్యి మంచం మీద పరిచి దాని మీద బరువు వేసి కూర్చోవడం, తర్వాత గ్లాసు అందుకోవడం, వదలడం. వదలడమే కష్టం. బంతి తీసుకుని నా టేబుల్ సొరుగులో వేస్తా, ఇప్పటికి పదిహేను దాకా పోగయ్యాయి, పిల్లల పేషెంట్లకి ఆడుకోవడానికి ఇస్తుంటా.

మోకాళ్ళ నొప్పులవాళ్ళకి పెద్ద పట్టిక ఇవ్వొద్దు. తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టుకుని, కాలితో దాన్ని కిందికి నొక్కి పది అంకెలు లెక్కపెట్టి వదలడం, సీరియల్ మధ్యలో యాడ్లు వచ్చినప్పుడల్లా. సీరియల్ ఎలాగూ మానరు. మామూలు బాత్రూమైతే మధ్యలో గుండ్రంగా కోసిన స్టూలు సర్జికల్ షాపుల్లో దొరుకుతుంది, ఒక్కోసారి మాత్రల కంటే అదే ఎక్కువ హాయినిస్తుంది.

మర్నాడు రాగానే "చేశారా?" అని అడక్కండి. "ఆఁ, చేశానండీ" అనే వస్తుంది. "ఏదీ, చేసి చూపించు బాబాయ్" అనండి. కాలు ఎత్తమంటే నడుం ఎత్తుతుంటాడు, అప్పుడు తెలుస్తుంది మనం ఎంత బాగా నేర్పామో. యూట్యూబ్ లింకులు పంపొద్దు. వాళ్ళ ఫోన్లోనే, వాళ్ళే చేస్తుండగా నిమిషం వీడియో తీసి ఇవ్వండి, పక్కన మీ గొంతు వినిపించాలి.

పంట, కూలి, ఫీజు

జనవరి నుంచి మార్చి దాకా మా వైపు మిరపకాయ కోతలు, క్లినిక్ పగలంతా ఖాళీ. మొదటి ఏడాది భయపడిపోయి అద్దె ఎలా కట్టాలా అని టెన్షన్ పడ్డా. కోతల్లో ఉన్నవాళ్ళకి "పని మానెయ్" అని చెప్పడం అంటే మనల్ని మానెయ్ అని చెప్పడమే. కల్లంలో తాలుకాయలు ఏరేటప్పుడు గొంతుక్కూర్చోకుండా చిన్న పీట వేసుకోమనాలి, గంటకోసారి లేచి నడుం వెనక్కి వంచమనాలి, టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎత్తేది ఇద్దరు కలిసి ఎత్తమనాలి. పొలానికి వెళ్ళి చూశాకే ఇవి చెప్పగలిగా.

ఒక మనిషి పగలు వైద్యానికి వస్తే ఆ రోజు కూలి పోతుంది, తోడొచ్చినవాళ్ళ కూలీ పోతుంది. మన ఫీజు ఆ రెండు కూళ్ళ తర్వాత లెక్క. అందుకే పొద్దున ఆరింటికే తెరిచి, పదకొండుకి మూసి, మళ్ళీ సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది. ముందుగా పదిహేను సిట్టింగుల డబ్బు కట్టించుకునే ప్యాకేజీలు పెట్టకండి, ఆరో రోజుకి తగ్గినవాడు మిగతా డబ్బు అడగలేక, రాలేక, ఊళ్ళో మాత్రం చెప్తాడు. నాకు అప్పు పుస్తకం ఉంది. "కాయలు యార్డుకి పోయాక ఇస్తా" అన్నవాళ్ళలో ఎక్కువమంది ఇచ్చారు. ఇవ్వనివాళ్ళూ ఉన్నారు, ఆ పేజీలు తిరగెయ్యను.

ఊరి వైద్యులతో

ఆర్‌ఎంపీ వస్తాడు, పేషెంట్‌కి ఇంత అని కమీషన్ అడుగుతాడు. నేను ఇవ్వనన్నా. ఇప్పటికీ రెండు ఊళ్ళ నుంచి నాకు పేషెంట్లు రారు, అది నిజం, కథలా చివరికి మారిపోయారని చెప్పను. మిగతావాళ్ళకి మాత్రం పంపిన ప్రతి పేషెంట్ గురించి ఫోన్ చేసి ఏం చేశానో, ఎలా ఉందో చెప్తా, ఆ మర్యాద వాళ్ళకి పెద్దగా ఎవరూ ఇవ్వరు. ఆర్థో డాక్టర్లకి ఒక కాగితం మీద నాలుగు వాక్యాలు రాసి పంపండి, మోకాలు ఎంతవరకు వంగుతోందో అంకెతో సహా.

నాటు కట్టు కట్టించుకుని వచ్చినవాళ్ళని తిట్టొద్దు. పుత్తూరు కట్టు మీద జనానికి తరతరాల నమ్మకం, మనం తిడితే ఇంకోసారి దాచిపెడతారు. ముందు ఎక్స్‌రే తీయించి ఎముక అతికిందో లేదో చూడండి, ఆ తర్వాతే కదిలించడం. మోచెయ్యి దగ్గర అయితే గట్టిగా నూనె పెట్టి రుద్దడం ఆపించండి, దెబ్బ తగిలిన మోచేతిని బలవంతంగా రుద్దితే కండలోపల ఎముక పెరిగి అసలుకే మోసం వస్తుంది.

సెరిబ్రల్ పాల్సీ (పసితనంలోనే మెదడు దెబ్బతిని కదలికలు సరిగ్గా రాని) పిల్లల తల్లులకి మండలంలో సమగ్ర శిక్ష వాళ్ళ భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కేంద్రం) ఎక్కడుందో చెప్పండి, సదరం (వైకల్యం ఎంతో తేల్చే) సర్టిఫికెట్‌కి స్లాట్ ఎలా తీసుకోవాలో చెప్పండి. వైకల్యం నలభై శాతం గానీ ఆపైన గానీ ఉంటే ఆంధ్రాలో పింఛనుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు, 2024 జులై నుంచి అది నెలకి ఆరు వేలు. ఆ డబ్బుతో ఆటో పెట్టుకుని వారానికి రెండుసార్లు వస్తున్న తల్లి నా దగ్గర ఉంది.

బెంచీ, వాకర్లు

గుమ్మం బయట ఒక పొడుగాటి సిమెంటు బెంచీ వేయించండి, నీడలో. అక్కడ జరిగే వైద్యం లోపల మనం చెయ్యలేం. ఆరు నెలల కింద ఆటోలోంచి ఎత్తి దించిన మనిషి ఇవాళ చేతికర్రతో నడిచొచ్చి ఆ బెంచీ మీద కూర్చుని, కొత్తగా వచ్చినాయన్ని "నీకు ఎడమా, కుడా? నాకు కుడి. వేళ్ళు ఇంకా రాలేదులే, నడక వచ్చింది" అంటాడు. కొత్తాయన ఆ కాళ్ళ వంకే చూస్తుంటాడు. అందుకని ఒకే రకం సమస్య ఉన్నవాళ్ళకి కావాలనే ఒకే టైము ఇస్తా, సాయంత్రం ఆరు పక్షవాతాలవాళ్ళది. ఒకాయన రాకపోతే మిగతావాళ్ళే ఫోన్ చేస్తారు.

వెనక గదిలో వాకర్లు, ఊతకర్రలు, రెండు వీల్‌చైర్లు, ఒక గాలి పరుపు ఉన్నాయి. ఒక్కటీ నేను కొన్నది కాదు. మనిషి కోలుకున్నాకో, పోయాకో ఇంట్లోవాళ్ళకి అవి చూడబుద్ధి కాదు, పారెయ్యబుద్ధీ కాదు, తెచ్చి ఇచ్చేస్తారు. అడిగి తీసుకోండి, అవసరమున్నవాళ్ళకి ఊరికే ఇవ్వండి, నోట్‌బుక్కులో పేరు, ఊరు, తేదీ రాయించుకోండి, అద్దె మాత్రం వద్దు. ఇచ్చే ముందు వాకర్ ఎత్తు ఆ మనిషికి సరిచెయ్యాలి, నిలబడి చేతులు కిందికి వదిలితే పిడి మణికట్టు దగ్గరికి రావాలి. కాళ్ళ రబ్బరు తొడుగులు తిప్పి చూడండి, అరిగి ఇనుము బయటపడితే తడి బాత్రూములో జారుతుంది. సర్జికల్ షాపులో విడిగా దొరుకుతాయి, ఒక డజను ఎప్పుడూ సొరుగులో ఉంచుకోండి, మార్చకుండా ఎవ్వరికీ ఇవ్వకండి.